వెనక్కి తిరిగిన పాదాలు



చిన్నప్పుడు మా నాయనమ్మ నాకు దెయ్యాన్ని గుర్తుపట్టే విద్య నేర్పింది. "మొఖం చూడకు బిడ్డా, మొఖం ఎంత సక్కగనన్న పెట్టుకుంటది. మాట ఇనకు, మాట తేనె లెక్కుంటది. పాదాలు చూడు. మడిమెలు ముందుకు, ఏళ్లు ఎనకకు ఉంటే అది మన మనిషి కాదు" అనేది. అమావాస్య రాత్రుల్లో నేను చాలామంది పాదాల వంక చూశాను. అందరివీ ముందుకే ఉన్నాయి.

మా నాన్న పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఫిట్టరు. సెకండ్ షిఫ్ట్ ముగించుకుని అర్ధరాత్రి సైకిల్ మీద ఇంటికి వచ్చేవాడు. దారిలో ఒక చింతచెట్టు. దాని కింద కామినీ దెయ్యం ఉంటుందని, ఒంటరి మగవాళ్లను ఆపి అగ్గిపెట్టె అడుగుతుందని మా బస్తీలో అందరూ చెప్పుకునేవారు. ఇనుము దగ్గరుంటే దెయ్యం తాకదని నాయనమ్మ నమ్మకం. అందుకని నాన్న డ్యూటీకి బయలుదేరుతుంటే టిఫిన్ సంచి తడిమి, అందులో స్పానర్ ఉందో లేదో చూసేది. నాన్న నవ్వేవాడు. "ఆమె ఎదురైతే స్పానర్ తియ్యనమ్మా. ఇంత రాత్రి ఒక్కదానివే యాడికి పోతున్నవమ్మా అని అడుగుత" అనేవాడు.

ఆ మాట నా మనసులో నలభై ఏళ్లుగా ఉంది. ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నదంతా ఆ ఒక్క మాటలోంచి మొలకెత్తిందే.

ఇవాళ్టి విషయం ప్రేమకథలు. అందులోనూ ఒక ప్రత్యేకమైన తెగ. ప్రేమించుకునే ఇద్దరిలో ఒకరు మనలాంటి మనిషి, రెండోవారు వేరే లోకం నుంచి వచ్చినవారు. యక్షిణి కావచ్చు, గంధర్వుడు కావచ్చు, చనిపోయి తిరిగివచ్చిన అమ్మాయి కావచ్చు. వాళ్లు కలుసుకునే చోటు మాత్రం మన ఊరే. బస్టాప్, హాస్టల్ మెట్లు, చాయ్ బండి. ఇంగ్లీషు పుస్తకాల దుకాణాల్లో ఈ కథల్ని అర్బన్ ఫాంటసీ అని విడిగా ఒక అరలో పెడతారు. మన పిల్లలు వాటిని కంపెనీ బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నారు, నైట్ డ్యూటీ విరామంలో ఫోన్‌లో చదువుతున్నారు. ఏం చదువుతున్నావని అడిగితే సిగ్గుపడి ఫోన్ పక్కన పెట్టేస్తారు. సిగ్గుపడాల్సిన పని లేదని చెప్పడానికే వచ్చాను.

ముందు బయటి లోకం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1987లో ఎమ్మా బుల్ అనే అమెరికన్ రచయిత్రి 'వార్ ఫర్ ది ఓక్స్' నవలలో ఫెయిరీ లోకపు యుద్ధాన్ని మినియాపొలిస్ నగరం నడివీధిలోకి తెచ్చారు. 2005లో స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' వచ్చాక రక్తపిశాచి ప్రేమికుడు ప్రపంచమంతటా ఆడపిల్లల పుస్తక సంచుల్లోకి చేరాడు. ఈ రెంటి నడుమ, 2001లో షార్లేన్ హారిస్ రాసిన 'డెడ్ అన్టిల్ డార్క్' నవల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. అందులో నాయిక రాణి కాదు, రాకుమారి కాదు. లూసియానాలో ఒక చిన్న ఊరి బార్‌లో గ్లాసులు అందించే అమ్మాయి. సాయంత్రం డ్యూటీ చేసే మనిషి. ఆమెకు ఎదుటివాళ్ల మనసులో మాటలు వినిపిస్తాయి. వరంలా కనిపించే శాపం అది. ఏ అబ్బాయితో బయటికి వెళ్లినా, పైకి అతను మర్యాదగా మాట్లాడుతుంటే లోపల అనుకునేదంతా ఆమె చెవిన పడుతుంది. ఒకరోజు ఆ బార్‌లోకి రక్తపిశాచి జాతివాడు ఒకడు వస్తాడు. అతని మనసులోంచి ఆమెకు ఒక్క శబ్దం కూడా రాదు. ఆ నిశ్శబ్దానికి ఆమె ప్రేమలో పడుతుంది.

ఎంత గొప్ప ఊహ చూడండి. ఎదుటివాళ్లను పూర్తిగా తెలుసుకుంటే తప్ప ప్రేమించలేమని మనం అనుకుంటాం. ఆమె తెలియనితనంలో సేదతీరింది. మనిషికి తెలియకుండా ఉండిపోయే ఒక గది ఎదుటి మనిషిలో ఉండాలని, దాని తలుపు మనం బద్దలు కొట్టకూడదని ఆ కథ చెప్తుంది. ఆమె అబ్బాయిలతో అలా బయటికి వెళ్లడాన్నే డేటింగ్ అంటారు. ఆ మాట మన పెద్దవాళ్ల చెవికి ఇంపుగా ఉండదు. కానీ ఆ మాట వెనక ఉన్నది చాలా పాత అవసరం. ఒకరినొకరు తెలుసుకోవడానికి కొంత సమయం కావాలని, ఆ సమయం తర్వాత కాదనే హక్కు ఇద్దరికీ ఉండాలని అడగడం.

ఇదంతా పరాయి సరుకు, మనకెందుకు అనేవాళ్లుంటారు. వాళ్లను ఒకసారి సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌కు తీసుకెళ్లాలనిపిస్తుంది. ఊరి బయట కోటగడ్డ అని పిలిచే మట్టిదిబ్బ ఉంది. 1940ల తొలి ఏళ్లలో హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖవారు అక్కడ తవ్వితే శాతవాహనుల నాటి పట్టణం బయటపడింది. వేల నాణేలు, పూసలు, మెత్తని తెల్లమట్టితో చేసిన బొమ్మలు, జడలు చుట్టుకున్న ఆడవాళ్ల తలలు. రోమ్ నుంచి వచ్చిన నాణెం కూడా దొరికింది. అంటే రెండు వేల ఏళ్ల కిందటే ఇది సరుకులు చేసే చోటు, దూరదేశపు మనుషులు వచ్చిపోయే చోటు. ఇప్పుడు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు చేస్తున్న పనే అప్పుడు కొండాపూర్ చేసింది.

ఆ శాతవాహనుల పేరుతోనే మన దేశపు అద్భుత కథల తల్లివేరు ముడిపడి ఉంది. గుణాఢ్యుడి బృహత్కథ. ఆ పుస్తకం పుట్టుక గురించి చెప్పే కథ కూడా ఒక ప్రేమ సన్నివేశంతోనే మొదలవుతుంది. రాజు, రాణి జలక్రీడలాడుతున్నారు. రాణి సంస్కృతంలో నీళ్లు చల్లొద్దని అంటుంది. రాజుకు అంత సంస్కృతం రాదు. 'మా ఉదకైః' అనే రెండు మాటలు కలిసి 'మోదకైః' అని వినిపించి, ఉండ్రాళ్లు అడిగిందనుకుని తెప్పిస్తాడు. అందరి ముందూ నవ్వులపాలవుతాడు. ప్రేమించిన మనిషి మాట అర్థం కాకపోవడంలోని అవమానం అది. రాజుకు ఆరేళ్లలో వ్యాకరణం నేర్పుతానన్నాడు గుణాఢ్యుడు. ఆరు నెలలు చాలన్నాడు ఆస్థానంలోని మరో పండితుడు శర్వవర్మ. ఆయన నెగ్గితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కాశాడు. ఓడిపోయాడు. మూగవాడై అడవికి వెళ్లాడు. అక్కడ కాణభూతి అనే పిశాచం దగ్గర పిశాచభాష విన్నాడు, నేర్చుకున్నాడు, ఆ భాషలోనే ఏడు లక్షల శ్లోకాల కథ తన నెత్తురుతో రాశాడు.

రాజు ఆ పుస్తకాన్ని తిరస్కరించాడు. పిశాచాల భాష, నెత్తురు రాత, ఎవరికి కావాలన్నాడు. గుణాఢ్యుడు కొండ మీద మంట రాజేసి, ఒక్కొక్క పత్రమే చదివి మంటలో వేశాడు. అడవి జంతువులు మేత మరిచి చుట్టూ నిలబడి కన్నీళ్లతో విన్నాయట. జంతువులు చిక్కిపోయి రాజుగారి వంటశాలకు మంచి మాంసం కరువైంది. అప్పుడు కదిలాడు రాజు. అప్పటికి మిగిలింది లక్ష శ్లోకాలే. ఆ లక్షా నరవాహనదత్తుడి కథ. ఆ రాకుమారుడు ఆకాశంలో తిరిగే విద్యాధర స్త్రీలను ప్రేమించి, పెళ్లాడి, చివరికి విద్యాధరులకే చక్రవర్తి అవుతాడు.

అసలు బృహత్కథ మనకు దక్కలేదు. పదకొండో శతాబ్దంలో కశ్మీరంలో సోమదేవుడు సంస్కృతంలో చెప్పిన కథాసరిత్సాగరం వంటి రూపాల్లో బతికింది. అందులోని బేతాళుడే 1947 జూలైలో మొదలైన మన చందమామ పుటల్లోకి దిగి, మా తరం పిల్లల భుజాల మీద ఎక్కి కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పండి. వేరే లోకపు మనిషితో ప్రేమ అనే ఊహ మనకు ఎక్కడి నుంచో దిగుమతి అయిందా? పుట్టుకతోనే మనది. పైగా అది దెయ్యాల భాషలో పుట్టింది. దర్బారు కాదన్న భాషలో, అడవి విన్న భాషలో. నాకు ఈ కథ ఇష్టమైన కారణం అదే. తనకు రాని భాష ముందు కూర్చుని, ఓపికగా విని, నేర్చుకున్నవాడి చేతిలోంచే ఆ ప్రేమకథలన్నీ వచ్చాయి.

తెలుగులో ఈ ఊహను శిఖరం మీద నిలబెట్టినవాడు అల్లసాని పెద్దన. మనుచరిత్రలో ప్రవరుడి కథ మీలో చాలామంది చదివే ఉంటారు. అరుణాస్పదపురంలో ఉండే గృహస్థు ప్రవరుడు. ఒక సిద్ధుడు ఇచ్చిన లేపనం పాదాలకు పూసుకుని హిమాలయాలకు ఎగిరి వెళ్తాడు. కొండలు చూస్తూ తిరుగుతుండగా మంచునీటికి ఆ పసరు కరిగిపోతుంది. గమనించండి, ఆయన ఇంటికి తిరిగి వెళ్లే దారి ఆయన పాదాల మీదే ఉంది. అది కరిగిపోయింది. దారి తప్పిన మనిషి అక్కడ కనిపించిన అప్సరస వరూధినిని అడిగింది ఒక్కటే. మా ఊరికి దారి ఏది?

వరూధిని దారి చెప్పదు. ఆయన్ను ప్రేమించింది. ఉండిపొమ్మంటుంది. ఆయన ఒప్పుకోడు. అగ్నిదేవుణ్ని ప్రార్థించి ఇల్లు చేరుకుంటాడు. ఇక్కడి నుంచి కథ మన కాలపు కథ అయిపోతుంది. అంతకుముందు వరూధిని కాదన్న గంధర్వుడొకడు ఉన్నాడు. ఆమె విరహం చూసి ప్రవరుడి రూపం తెచ్చుకుని వస్తాడు. అదే ముఖం, అదే మాట. కలయిక వేళ కళ్లు మూసుకోవాలని ఒక షరతు పెడతాడు. ఆమె మూసుకుంటుంది.

దొంగ ఫొటోతో, దొంగ పేరుతో ఫోన్‌లోకి వచ్చి, నమ్మిన అమ్మాయిని మోసగించేవాళ్ల గురించి మనం తరచూ వింటున్నాం. వీడియో కాల్ చెయ్యనంటాడు, కెమెరా పాడైందంటాడు. కళ్లు మూసుకోమనే షరతు ఇప్పుడు ఆ రూపంలో వస్తోంది. ఐదు వందల ఏళ్ల కిందటి మాయాప్రవరుడు మన పిల్లలకు చెప్పే హెచ్చరిక చాలా స్పష్టంగా ఉంది. నీ కళ్లు మూయించేవాడు, వాడి ముఖం ఎంత నచ్చినా, నువ్వు ప్రేమించినవాడు కాదు.

ఇంకో మాట కూడా అనిపిస్తుంది. వరూధిని ఆ రోజు దారి చెప్పి ఉంటే? వెళ్లనిచ్చి ఉంటే? ఆమెకు ప్రవరుడు దక్కేవాడు కాదు, నిజమే. కానీ అబద్ధపు ప్రవరుడి చేతిలో మోసపోయేదీ కాదేమో. ఎదుటివాళ్ల తిరుగు దారి మూసి కట్టుకున్న ప్రేమలోకి ఎప్పుడూ ఒక నకిలీ మనిషే వచ్చి కూర్చుంటాడు.

సినిమాలోనూ ఇదే సంగతి ఇంకా సూటిగా కనిపిస్తుంది. 1961లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'జగదేకవీరుని కథ' గుర్తుందా? ఇంద్రకుమారి జయంతి భూమికి జలక్రీడలకు వస్తుంది. ఆమె చీర కథానాయకుడి చేతికి చిక్కుతుంది. ఆ చీర ఉంటే ఆమె స్వర్గానికి వెళ్లగలదు, లేకపోతే లేదు. చీర తిరిగి చేతికి వచ్చినప్పుడు ఆమె వెళ్లిపోతుంది. 1990లో రాఘవేంద్రరావు తీసిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో చీర స్థానంలో ఉంగరం వచ్చింది. అడవికి బదులు నగరం వచ్చింది. ఇంద్రుడి కూతురు ఒక టూరిస్ట్ గైడ్ ఇంట్లో, అనాథ పిల్లల మధ్య తిరుగుతుంది. ఉంగరం లేనిదే పైలోకానికి దారి లేదు. నా దృష్టిలో తెలుగువాళ్లకు దక్కిన అసలు సిసలు అర్బన్ ఫాంటసీ ప్రేమకథ అదే. 1990 మే నెలలో అది విడుదలైన రోజుల్లో వానలు ముంచెత్తినా జనం తడుస్తూ వెళ్లి చూశారు.

చీర, ఉంగరం, పాదాలకు పూసిన పసరు. మూడూ ఒకటే వస్తువు. వేరే లోకం నుంచి వచ్చిన మనిషికి ఇంటికి తిరిగి వెళ్లే దారి. పాత కథల్లో ప్రేమ మొదలయ్యేది ఆ వస్తువు పోవడంతోనే. పోకపోతే ఆమె ఇక్కడ ఉండదని ఆ కథల భయం. కొత్తగా ఇలాంటి కథ రాయాలనుకునే యువతీ యువకులకు నా విన్నపం ఇక్కడే. మీ కథలో ఉంగరాన్ని మొదటి పేజీలోనే తిరిగి ఇచ్చేయండి. వెళ్లగలిగీ వెళ్లకుండా ఉన్న మనిషి ప్రేమ ఎలా ఉంటుందో అప్పుడు రాయండి. కష్టమైన కథ అది. కానీ రాయాల్సింది అదే.

వెళ్లగలగడం ఎంత తేడా తెస్తుందో చూడాలంటే, సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలు ఉంది. 2016లో దాన్ని మ్యూజియంగా మార్చి, ఐదు వందల రూపాయలు కట్టినవారిని ఒక రోజంతా ఖైదీలా ఉండనిచ్చే ఏర్పాటు చేశారు. ఖైదీ బట్టలు, ఖైదీ తిండి, అదే గది. ఎక్కడెక్కడి నుంచో జనం సరదాగా వచ్చారు. అవే గోడలు, అదే తాళం. కానీ రేపు తలుపు తీస్తారని తెలుసు కనుక అది సరదా అయింది. తలుపు తీస్తారో లేదో తెలియనివాడికి అదే గోడ శిక్ష. ఇంటి నాలుగు గోడలకూ ఇది వర్తిస్తుంది, ప్రేమకూ వర్తిస్తుంది.

ఇప్పుడు మన పారిశ్రామికవాడకు వద్దాం. సాయంత్రం షిఫ్ట్ మారే వేళ ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడితే ఎన్ని భాషలు వినిపిస్తాయో చెప్పలేం. భోజ్‌పురి, ఒడియా, బెంగాలీ, హిందీ, ఉత్తరాంధ్ర తెలుగు, మన మెదకు తెలుగు. ముంబై రోడ్డు మీద లారీలు పోతూనే ఉంటాయి. కంపెనీ బస్సులు ఆగుతాయి. టోపీలు తీసి జుట్టు సర్దుకుంటూ అమ్మాయిలు దిగుతారు. మొన్న ఒక సాయంత్రం అక్కడ చాయ్ బండి దగ్గర ఇద్దరిని చూశాను. అబ్బాయికి తెలుగు రాదు. అమ్మాయికి అతని భాష రాదు. ఇద్దరి మధ్య ఒక ఫోన్. ఒకరు ఫోన్‌లో మాట్లాడితే అది రెండోవారి భాషలోకి మార్చి చెప్తోంది. యంత్రం ఏదో తప్పుగా మార్చినట్టుంది, అమ్మాయి పకపకా నవ్వింది. అబ్బాయి కంగారుపడి మళ్లీ మళ్లీ చెప్పాడు. నాకు నీళ్లలో నిలబడిన ఆ రాజు, ఆ రాణి, ఆ ఉండ్రాళ్లు గుర్తొచ్చాయి. ఈ అబ్బాయి మాత్రం అవమానపడలేదు. ఆ అమ్మాయి అన్న మాటను తెలుగులోనే రెండుసార్లు పలికి నేర్చుకున్నాడు.

ఆ రోజు నాయనమ్మ విద్య గుర్తొచ్చి వాళ్ల పాదాల వంక చూశాను. హఠాత్తుగా నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ చౌరస్తాలో నిలబడిన వాళ్లలో సగం మంది పాదాలు వెనక్కి తిరిగే ఉన్నాయి. ఒకరివి గంజాం జిల్లా వైపు, ఒకరివి గయ వైపు, ఒకరివి శ్రీకాకుళం వైపు. నడిచేది ఇటే, తిరిగి ఉన్నది అటు. నెలకింత పంపాలి, చెల్లెలి పెళ్లి చెయ్యాలి, పండక్కి పోవాలి. వేరే లోకం నుంచి వచ్చినవారు ఈ నేల మీద నిజంగానే తిరుగుతున్నారు. వారిని ప్రేమించడం అంటే ఆ వెనక్కి తిరిగిన పాదాలను కూడా ప్రేమించడం. ఎప్పుడైనా వెళ్లిపోవచ్చని తెలిసి ప్రేమించడం.

ఈ నేల మీద దెయ్యం కథ రాయబోయేవారికి ఒక్క మాట చెప్పి తీరాలి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చినవారు. కొందరి దేహాలు కూడా ఇంటివాళ్లకు దక్కలేదు. అక్కడ గేటు బయట రోజుల తరబడి నిలబడిన తల్లులకు, భార్యలకు మనం భయపెట్టే ఆత్మల కథలు చెప్పకూడదు. చనిపోయినవారిని బొమ్మలుగా ఆడించకూడదు. ఒకవేళ మీ కథలో అలాంటి ఒకరు తిరిగి వస్తే, వారిని ఇంటికి చేర్చడానికి రాయండి. దారి దొరకని ప్రాణానికి దారి చూపడానికే మన పల్లెల్లో దీపాలు పెట్టేవారు. కథ కూడా అలాంటి దీపమే కావాలి.

ఇంకో గాయం కూడా ఈ నేలకు ఉంది. మన పాత నమ్మకాల్లో చెరువుకు, చెట్టుకు ఒక యక్షిణి ఉంటుంది. పటాన్‌చెరు చాలా పాత ఊరు. కల్యాణి చాళుక్యులు పొట్టలకెరె అనే పేరుతో ఇక్కడి నుంచి ఏలిన కాలముంది. ఇక్కడ దొరికిన జైన శిల్పాలు ఎన్నో. 1970ల నుంచి కర్మాగారాలు వచ్చాక వాటి వ్యర్థాలు చెరువుల్లోకి, నక్కవాగులోకి, వాగులోంచి మంజీరలోకి పారాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాగు ఒడ్డు రైతులు పంటలు పోగొట్టుకున్నారు. పశువులు నీళ్ల దగ్గరికి వెళ్లి మూతి తిప్పుకునేవి. ఆ చెరువుల యక్షిణులు ఎక్కడికి వెళ్లి ఉంటారని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ ఆలోచనలోంచే ఒక కథ వచ్చింది. క్లుప్తంగా చెప్తాను.

చెరువు నీళ్లు రంగు మారాక అందులోని యక్షిణి గట్టు దిగి వచ్చింది. ఊళ్లో ఉండాలంటే పాదాలు దాచుకోవాలి. ఎక్కడ దాగుతుంది? మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో. అక్కడ లోపలికి పోవాలంటే అందరూ తలకు టోపీ, మూతికి మాస్క్, చేతులకు గ్లోవ్స్, పాదాలకు షూ కవర్లు వేసుకోవాలి. కళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఆమెకు ఇంతకన్నా క్షేమమైన చోటు లేదు. లేడీస్ హాస్టల్‌లో ఒక మంచం, నెలకింత జీతం. అదే సెక్షన్‌లో గంజాం నుంచి వచ్చిన అబ్బాయి పనిచేస్తాడు. పెట్టెలు అందిస్తాడు. వాళ్ల పరిచయమంతా కళ్లతోనే. పెట్టె బరువుగా ఉంటే ఆమె కనుబొమ్మ ఎగరేస్తుంది. అతను సగం సరుకు తీసి ఇస్తాడు.

ఒక వానాకాలం రాత్రి షిఫ్ట్ దిగి బయటికి వస్తారు. చాయ్ బండి దగ్గర నేలంతా బురద. ఆమె అతని ఎదురుగా నడిచి వచ్చి నిలబడుతుంది. అతని చూపు కిందికి వెళ్తుంది. బురదలో అడుగుల గుర్తులు. మనిషి ఇటు వచ్చింది, అడుగులు అటు పోతున్నాయి. చాయ్ బండి అతను కూడా చూసి ఉంటే అరిచి పరుగెత్తేవాడు. ఈ అబ్బాయి చాలాసేపు ఆ గుర్తుల్నే చూస్తాడు. ఆరు నెలలుగా తాను ఇంటికి పోలేదని, నిద్రలో రోజూ తన కాళ్లు ఊరి వైపే నడుస్తున్నాయని గుర్తొస్తుంది. వచ్చీరాని తెలుగులో అడుగుతాడు. "ఇంత రాత్రి, ఒక్కదానివే, యాడికి పోతున్నవ్?"

ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు. అందరూ ఎక్కడి నుంచి వచ్చావనే అడిగారు. హాస్టల్ వార్డెన్, కాంట్రాక్టర్, గేటు దగ్గర సెక్యూరిటీ. ఎక్కడికి పోవాలని ఉందో అడిగినవాడు ఇతనొక్కడే. "చెరువుకు పోయి చూసొస్త. నీళ్లు బాగైనయేమో" అంటుంది. అతను గట్టు దాకా తోడు వెళ్తాడు. అక్కడ ఆగిపోతాడు. రావద్దని ఆమె అనదు, వస్తానని అతను అనడు. ఫోన్‌లో టార్చి వెలిగించి, ఆమె నడిచే దారి మీదికి పట్టుకుంటాడు. ఛార్జింగ్ తక్కువ ఉంది. అయినా ఆమె నీళ్ల దగ్గరికి చేరేదాకా ఆర్పడు.

నా కథ అక్కడే ఆగింది. ఆమె తిరిగి వచ్చిందా లేదా అని నేను రాయలేదు. కొందరు స్నేహితులు రాయమని పట్టుబట్టారు. రాస్తే ఆ నిర్ణయం నాది అవుతుంది. అది ఆమెది. వెలుగు పట్టుకోవడం వరకే అతని వంతు.

వినే పిల్లలకు చివరి మాట. ఇలాంటి కథలు మీరు రాయండి. మీ హాస్టళ్లలో, మీ బస్సుల్లో, మీ షిఫ్ట్‌లలో ఉన్నాయవి. మీ భాషలో రాయండి. మెదకు తెలుగులో రాయండి. మీ పక్కన పనిచేసే ఒడియా అబ్బాయి మాటలు, భోజ్‌పురి అమ్మాయి మాటలు అందులోకి రానివ్వండి. దర్బారు కాదన్నా దిగులుపడకండి. గుణాఢ్యుడు మొదట చదివింది ఎవరి ముందో మీకు తెలుసు. వినేవారు చుట్టూ ఉన్నారు, మేత మరిచి వింటారు.

నాన్న చనిపోయి చాలా ఏళ్లయింది. ఆ చింతచెట్టు కూడా లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. స్పానర్ మాత్రం నా దగ్గరే ఉంది. నాయనమ్మ నేర్పిన విద్య నేను ఇప్పటికీ మానలేదు. కొత్తవారు ఎవరు ఎదురైనా ముందు పాదాలు చూస్తాను. అవి ఏ ఊరి వైపు తిరిగి ఉన్నాయో తెలుసుకుందామని.